వారానికి ఎనభై నాలుగు గుడ్లు

నాది గుండీల కొట్టు. గుండీలు, జిప్పులు, దారాలు, హుక్కులు, ఎలాస్టిక్. ఒక్కో గుండీ మీద ఎంత మిగులుతుందో చెబితే నవ్వుతారు కాబట్టి చెప్పను. కొట్టు మాత్రం దర్జీల వీధి మలుపులో ఉంది. ఆ వీధిలో ముప్పై ఒక్క కుట్టుమిషన్లున్నాయి. ప్రతి మిషను దగ్గరా రోజుకొక్కసారైనా ఏదో ఒకటి తక్కువవుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే అది దొరకాలి. నా వ్యాపారమంతా ఆ నాలుగడుగుల్లోనే ఉంది. అదే గుండీ వెనక సందులో అమ్మితే, దానికోసం అంత దూరం నడిచే దర్జీ ఇంకా పుట్టలేదు.

కొట్టు మా బావమరిదిది. మా మామగారు కట్టిన కొట్టు కొడుక్కి రాశారు, లెక్కలు తెలిసిన కూతుర్ని అప్పటికే నాకిచ్చేశారు. ఇద్దరిలో లాభపడింది ఎవరన్నది ఇరవై ఆరేళ్ళుగా తేలని లెక్క.

అద్దె కాగితం ఐదేళ్ళకోసారి రాసుకుంటాం. పాత కాగితం మరుసటి నెలాఖరుతో పూర్తవుతుందనగా బావమరిది ఒక కొత్త షరతు పట్టుకొచ్చాడు. ధరల సూచీ ఏటా ఎంత పెరిగితే అద్దె కూడా అంత పెరగాలట. వాడు మున్సిపల్ ఈతకొలనులో ఈత నేర్పే మాస్టరు. మనిషి నలభై దాటినా నిలువెత్తు తలుపులా ఉంటాడు, పెళ్ళి చేసుకోలేదు. ఈ షరతు వాడి బుర్రలో పుట్టింది కాదు. ఈతకొచ్చే లాయరెవరో నీళ్ళలో తేలుతూ చెప్పి ఉంటాడు.

"నేనుగా పెంచేదేమీ లేదు బావా. లోకం ఎంత పెంచితే అంత. నా చేత్తో ఒక్క కాసు పెంచను," అన్నాడు.

వినడానికి ధర్మంగానే ఉంది. రసీదు వెనక వేసి చూశాను. ఏటా వందకి ఆరు చొప్పున అద్దె పెరిగితే, గుండీ ధర అలా పెంచితే దర్జీ ఊరుకోడు గనక, మూడో ఏటికి నా మిగులంతా అద్దెలోకి పోతుంది. నాలుగో ఏడు నేను వెనక సందులో ఉంటాను. షరతు వద్దంటే కొట్టు తీసుకోవడానికి ఫోన్లు బాగుచేసేవాళ్ళు కాచుకుని ఉన్నారు. వాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చి, నేను కూర్చుని ఉండగానే, నా కుర్చీ వెనక గోడకి టేపు పెట్టి కొలిచి వెళ్ళారు. ఆలోచించుకుంటానని చెప్పి బావమరిదిని పంపేశాను.

ఆ వారంలోనే సర్వే అమ్మాయి మా ఇంటికొచ్చింది.

నేను కొట్లో ఉన్నాను. మా ఆవిడ ఫోను చేసి, ప్రభుత్వం తరఫున ఎవరో అమ్మాయి వచ్చిందనీ, ఇరవై ఎనిమిది రోజుల పాటు ఇంట్లో ప్రతి ఖర్చూ ఒక పుస్తకంలో రాయాలంటోందనీ చెప్పింది. మన ఖర్చు మనకి తెలిస్తే చాలు, మంచినీళ్ళిచ్చి పంపెయ్యమన్నాను. ధరల సూచీ కోసమటండీ, అంది. అప్పుడే వచ్చిన దర్జీ నలుపు దారం అడిగితే తెలుపు దారం ఇచ్చి, కొట్టుకి తాళం వేసి ఇంటికి పరిగెత్తాను.

సర్వే అమ్మాయి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో టాబ్లెట్, పక్కన చిన్న తూకం మిషను, చేతిలో పచ్చ అట్ట పుస్తకం. ఉద్యోగంలో చేరి మూడు నెలలైందట. చెప్పవలసిందంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ పాఠం నాకు కొట్టు భాషలో ఇలా అర్థమైంది. నేను రోజుకి వెయ్యి గుండీలు, ఒక్క జిప్పు అమ్ముతున్నాననుకోండి. జిప్పు ధర రెట్టింపైనా నా గల్లాపెట్టెకి చీమ కుట్టినట్టుండదు. గుండీ ధర పిసరంత కదిలితే నా రోజంతా కదులుతుంది. ఇళ్ళ ఖర్చూ అంతే. జనం దేని మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నారో సూచీలో దానికి ఎక్కువ బరువు. ఆ బరువుల పట్టీ పన్నెండేళ్ళ కిందటిది. అందులో ఇంకా పాటల క్యాసెట్లూ కిరోసిన్ స్టవ్వు వత్తులూ ఉన్నాయట. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి కొత్త బరువులు కడుతున్నారు. చీటీ తీస్తే మా ఇల్లు వచ్చింది.

"ఇంట్లో ఎంతమంది అంకుల్? అంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు," అంది.

ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అమ్మ. కూతురికి పెళ్ళైంది, వేరే పొయ్యి.

నా బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది. కూరగాయలు, పాలు, గుడ్లు, డాక్టరు ఫీజు ఏటా పెరిగేవి. బల్బులు, ఫోన్లు, ఇంటర్నెట్టు ఏటా తగ్గేవి. మా పుస్తకంలో తగ్గేవి ఎక్కువగా, పెరిగేవి తక్కువగా ఉంటే సూచీ నడుం వంగుతుంది. సూచీ వంగితే అద్దె వంగుతుంది. బావమరిది షరతుకి ఒప్పుకుని, వాడి షరతుతోనే వాడిని కట్టెయ్యొచ్చు. లోకం ఎంత పెంచితే అంత అన్నాడుగా, ఆ లోకం పుస్తకం ఇప్పుడు నా వంటింట్లోకే వచ్చింది.

ఒక్క మాట చెప్పాలి. అబద్ధం రాయడం నా వల్ల కాదు. ముప్పై ఏళ్ళలో ఒక్క దొంగ పద్దు రాయలేదు. పద్దు అబద్ధమైతే కొట్లో ఏముందో మనకే తెలియకుండా పోతుంది. కానీ నిజాన్ని కాస్త అటుగా నెట్టడం వ్యాపారి పనే. పుస్తకంలో బల్బులు రాయాలంటే బల్బులు కొనాలి. కొన్నాను.

మొదటి మూడు రోజుల్లో పద్దెనిమిది బల్బులు కొన్నాను. మెట్ల కింద ఒకటి, చెప్పుల గూటిలో ఒకటి, నీళ్ళ ట్యాంకు పక్కన ఒకటి. బట్టల బీరువా తలుపు తీస్తే లోపల పగలు. మా ఆవిడకి కొత్త ఫోను, నాకు కొత్త ఫోను, మా అమ్మకి కొత్త ఫోను, మూడింటికీ ఇంటర్నెట్టు, ఇంటికి వేరే ఇంటర్నెట్టు. ఇరవై ఆరేళ్ళుగా నా పిడికిలి చూసిన మా ఆవిడ ఒక్క మాట అడగలేదు. పచ్చ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోయింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

అనుమానం వచ్చింది మా అమ్మకి. అమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో ఏ మంచం కింద ఎవరు బీడీ దాచారో వాసనతో చెప్పిన మనిషి. నాలుగో రోజు ఉదయం పుస్తకం తిరగేసి, కళ్ళజోడు పైకి తోసి, నన్ను పిలిచింది.

"ఒరేయ్, నా పెన్షను దేనితో పెరుగుతుందో తెలుసా నీకు?"

తెలుసు. ఏడాదికి రెండుసార్లు, సూచీతో. ఆ సంగతి నా రసీదు వెనక లెక్కలో ఎక్కడా రాలేదు.

"నిన్ను కడుపులో మోసినప్పుడు నేను బరువనుకోలేదు. ఇప్పుడు నా పెన్షనుకే బరువులు కడుతున్నావా," అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పార్టీలు. అబద్ధం రాయకూడదన్న పట్టు నాకు ఆవిడ నుంచే వచ్చింది గనక అమ్మ కూడా నిజంగానే ఖర్చు పెట్టింది. పెరిగేవన్నీ వెతికి వెతికి పట్టుకుంది. కళ్ళ డాక్టరు, ఆయన రాసిన రెండు కళ్ళజోళ్ళు, పళ్ళ డాక్టరు, చెవి డాక్టరు. చెవిలో ఏమీ లేదని ఆయన అంటే, లేదని తెలుసుకోవడానికే వచ్చాను, ఫీజు తీసుకుని రసీదివ్వు నాయనా, అందట. టమాటాలు, మేలు రకం పళ్ళు, పూటకి లీటరు పాలు. నేను సూచీని దించడానికి కొన్న ఫోనులోంచే ఆవిడ ఇవన్నీ తెప్పించేది. నా కత్తితో నన్నే పొడిచిందంటే మా అమ్మ గనక మాట తప్పుగా ఉంటుంది, గుచ్చింది అందాం. నర్సు కదా.

నేను తక్కువ తిన్నానా? మర్నాడే రెండు చేతిగడియారాలు, ఒక కాలిక్యులేటరు, ఒక రేడియో. ఆవిడ కీళ్ళ డాక్టరు. నేను బాత్రూములో పెట్టుకునే పాటల స్పీకరు. ఆవిడ నాలుగు కిలోల ద్రాక్ష. పళ్ళు పాడవకుండా మా ఆవిడ వీధి వీధంతా పంచింది. అలా దర్జీలందరికీ ద్రాక్ష అందింది. ముప్పై ఏళ్ళుగా నా దగ్గర గుండీ కొంటూ ఒక్క హుక్కు ఉచితంగా చూడని దర్జీలు, నాకు ఏదో పెద్ద జబ్బు చేసిందనీ, దాచుకున్నది ఖర్చు పెట్టేస్తున్నాననీ అనుకుని ఒక్కొక్కరే వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళారు.

ఆరో రోజు మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. ఇటు వెళుతూ వచ్చానన్నాడు. ఈతకొలను ఊరికి ఆ చివర, మా ఇల్లు ఈ చివర. అక్క రమ్మందన్నాడు. అన్నానికి కూర్చుని నాలుగు గుడ్ల ఆమ్లెట్ తిన్నాడు. మా అమ్మ పెనం దగ్గర నిలబడి స్వయంగా వేసింది. జన్మలో నాకు వెయ్యలేదు.

"తిను నాయనా," అంది. "నీ అద్దె, నా పెన్షను రెండూ ఈ పెనం మీదే ఉన్నాయి."

గుడ్ల ధర ఆ ఏడు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. వాడు రాత్రికి కూడా వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. రెండు గంటలు నీళ్ళలో ఉండి వచ్చే మనిషి ఆకలి మీరు చూడలేదు. పూటకి నాలుగు గుడ్లు, కంచం మీద కొండ, ఆ కొండ మీద పెరుగు. అతిథి తిన్నది లెక్కలోకి రాదేమోనని ఆశతో సర్వే అమ్మాయికి ఫోను చేశాను. మీ ఇంటి ఖర్చే కదా అంకుల్, వస్తుంది, అంది. ఫోను పక్కనే కూర్చుని విన్న బావమరిది ఇంకొంచెం అన్నం పెట్టించుకున్నాడు.

"బావా, నీ మొహం చూస్తే తినబుద్ధి కావట్లేదు," అన్నాడు, తింటూ.

"నీ కంచం చూస్తే నాకు బతకబుద్ధి కావట్లేదు," అన్నాను.

మా ఆవిడ ఇద్దరికీ మజ్జిగ పోసి, ఆ పాలు ఎన్ని మిల్లీలీటర్లో పుస్తకంలో రాసుకుంది.

పన్నెండు రోజులు గడిచాయి. ఇల్లు దీపాలతో వెలుగుతూ, రేడియో మోగుతూ, పళ్ళ వాసనతో, ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతూ ఉండేది. నాకు కోపం రావలసిన సమయంలో కూడా నవ్వు రావడం మొదలైంది. అది మంచి గుర్తు కాదు. వ్యాపారి ఖర్చు పెడుతూ నవ్వుతున్నాడంటే సరుకేదో చెడిందన్నమాట.

పద్నాలుగో రోజు సర్వే అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. టాబ్లెట్‌లో మా ఇంటి పేరు ఎర్రగా అయిందట. ముగ్గురున్న ఇంట్లో ఒక్క వారంలో ఎనభై నాలుగు గుడ్లు. మనిషికి రోజుకి నాలుగు. దాని పక్కన పద్దెనిమిది బల్బులు, నలుగురు డాక్టర్లు. కంప్యూటరు ఇది ఇల్లు కాదేమో, హోటలో ఆసుపత్రో చూసుకోమంటోందట. సూపర్‌వైజరు స్వయంగా తనిఖీకి వస్తాడు. లెక్క నమ్మకపోతే మా ఇంటిని సర్వేలోంచి కొట్టేస్తారు.

"నా మొదటి ఇల్లే ఎర్రబడింది ఆంటీ. నేనే ఏదో తప్పు రాయించానంటారు," అంది. కళ్ళు తుడుచుకుంది.

కొట్టేస్తారన్న మాట వినగానే నేనూ అమ్మా బావమరిదీ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ముగ్గురి పెట్టుబడీ ఆ పచ్చ పుస్తకంలోనే ఉంది. పుస్తకం పోతే నా బల్బులు పోయినట్టే, అమ్మ డాక్టర్లు పోయినట్టే, వాడి గుడ్లు పోయినట్టే. క్షణంలో పార్టీలు కలిసిపోయాయి. అమ్మ ఆ పిల్ల వీపు నిమిరి, ఏడవకు తల్లీ, సాక్ష్యాలున్నాయి, అంది. నేను రసీదులన్నీ తేదీల వారీగా దారానికి గుచ్చాను. గుండీలు గుచ్చే దారం, తెగదు. అమ్మ పెరటి కుండీల్లో వెయ్యడానికని దాచిన గుడ్డు పెంకుల సంచీ బయటికి తీసింది. బావమరిది ఏం తెస్తావని అడిగితే, ఆకలి తెస్తానన్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఇరవై మూడో రోజు సూపర్‌వైజరు వచ్చేసరికి వీడు పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. సూపర్‌వైజరు సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, నవ్వు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాడిలా ఉన్నాడు. తన అన్నం డబ్బా తనే తెచ్చుకున్నాడు. సర్వే ఇళ్ళలో ఏమీ ముట్టకూడదట. ముందు బల్బులు లెక్కపెట్టాడు. బీరువా తలుపు తెరిచి ఒక్క క్షణం ఆగి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. డాక్టర్ల చీటీలు చూశాడు. చెవి డాక్టరు చీటీలో 'ఏమీ లేదు' అని ఉంటే అమ్మ వంక చూశాడు. అమ్మ, లేనిదానికే ఫీజెక్కువ బాబూ, అంది. పెంకుల సంచీ వరండాలో కుమ్మరించి, సర్వే అమ్మాయి చేత రెండేసి సగాలు జతకట్టించాడు. కొన్ని నలిగిపోయాయి. అయినా నూట అరవై దాటాక చాలన్నాడు.

"ఇవన్నీ ఒక మనిషి తిన్నాడా?"

"కూర్చోండి," అంది మా అమ్మ. పెనం వేడెక్కింది.

బావమరిది ఎనిమిది గుడ్ల ఆమ్లెట్ తిన్నాడు. ఒక్క ముక్క కింద పడకుండా, చివరికి కంచం అంచు కూడా తుడిచి తిన్నాడు. సూపర్‌వైజరు తన డబ్బా మూత తీసి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సర్వే అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చివరి ముక్క నోట్లో పడగానే నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. మా అద్దె పెంచే గుడ్లకి నేనే చప్పట్లు.

సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, లెక్క నిజమేనన్నాడు. ఎర్ర గుర్తు తీసేశాడు. తర్వాత పుస్తకం మొదటి పేజీ, కుటుంబ సభ్యుల పట్టీ తెరిచాడు.

"ముగ్గురే రాశారు. ఈయనెవరు?"

"అతిథి," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నాడు?"

మా ఆవిడ పుస్తకం చూడకుండానే చెప్పింది. ఇరవై మూడు రోజుల్లో పద్దెనిమిది రోజులు, రెండు పూటలా.

"సగం రోజుల కంటే ఎక్కువ ఇదే పొయ్యి మీద తింటే అతిథి కాదండీ. సభ్యుడు. రూలు." కలం తీశాడు. బావమరిది వైపు తిరిగాడు. "మీకు వేరే పొయ్యి ఉందా?"

అంత పెద్ద మనిషి కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఉందండీ. గ్యాస్ అయిపోయి మూడేళ్ళైంది. ఒక్కడికి ఎందుకులే అని మళ్ళీ పెట్టించలేదు," అన్నాడు.

రేడియో పక్క గదిలో ఎవరి కోసమో పాడుతోంది. మూడేళ్ళుగా వాడు ప్రతి నెలా ఒకటో తారీకున కొట్టుకొచ్చి అద్దె తీసుకుని, నిలబడే వెళ్ళేవాడు. తిన్నావా అని ఒక్కసారైనా అడిగానా అని వెతుక్కున్నాను. పద్దుల్లో ఎక్కడా లేదు.

సూపర్‌వైజరు నాలుగో గీతలో వాడి పేరు రాసి, సంబంధం అన్నచోట 'ఇంటావిడ తమ్ముడు' అని రాశాడు. వెళుతూ వెళుతూ అసలు బాంబు వేశాడు. అంతవరకూ టాబ్లెట్ కట్టిన లెక్క చదివి వినిపించాడు. మా మొత్తం ఖర్చు మామూలు ఇంటికి రెండున్నర రెట్లట. అయితే వాళ్ళకి కావలసింది మొత్తం కాదు, వాటాలు. వందలో తిండికి నలభై రెండు. మా వార్డులో చూసిన ఇళ్ళ సగటు నలభై ఒకటి. మిగతావీ అటూ ఇటూగా అంతే.

"నా పాతికేళ్ళ సర్వీసులో ఇంత సగటు ఇల్లు చూడలేదు," అని నమస్కారం పెట్టాడు.

నేను ఇటు లాగింది అమ్మ అటు లాగేసింది. బోలెడు డబ్బు పోసి, ఊరందరిలాగే ఉన్నామని ప్రభుత్వం చేత సంతకం పెట్టించుకున్నాం.

పైగా మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. దేశం మొత్తం మీద ఇలాంటి పుస్తకాలు పన్నెండు వేల ఇళ్ళలో రాస్తున్నారట. మా ఇల్లు తగలబెట్టి ఆ ఖర్చు రాసినా సూచీ కనురెప్ప కొట్టదట. మొదటి రోజే సర్వే అమ్మాయి చెప్పిందట. నేను పరిగెత్తుకొచ్చేలోపు.

"తెలిసి ఊరుకున్నావా?" అన్నాను.

"ఇరవై ఆరేళ్ళకి మొదటిసారి మీ పిడికిలి తెరుచుకుంది. నా చేత్తో ముయ్యమంటారా?" అంది. "అత్తయ్యగారు నాలుగేళ్ళుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళలేదు. వెళ్ళారు. వీణ్ణి అన్నానికి రమ్మంటే మూడేళ్ళుగా మొహమాటం. గుడ్లు తింటే అద్దె పెరుగుతుందిరా అన్నాను. వచ్చాడు."

మా అమ్మ కొత్త కళ్ళజోడులోంచి కోడల్ని తేరిపార చూసి, నిన్ను ఆసుపత్రిలో పనికి పెట్టుంటే నేను పదేళ్ళు ముందే రిటైరయ్యేదాన్ని, అంది.

అద్దె కాగితం ఆ మధ్యాహ్నమే, గుడ్డు వాసన పోకముందే, భోజనాల బల్ల మీద తేలింది. షరతులు మా ఆవిడ చెప్పింది. అద్దె ఇప్పుడున్నంతే, ఐదేళ్ళు. తమ్ముడు రెండు పూటలా ఇక్కడే తింటాడు, ఐదేళ్ళు. సూచీ ఊసు లేదు.

"ఒకే పొయ్యి వాళ్ళ మధ్య సూచీ ఏమిటి బావా," అన్నాడు బావమరిది. లాయరు నేర్పింది వాడికి నచ్చలేదని, ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక తిరుగుతున్నాడని అప్పుడర్థమైంది.

నేను రసీదు తిప్పి లెక్క వేశాను. ఆరు చొప్పున ఐదేళ్ళలో పెరగబోయే అద్దె ఒక వైపు. ఈతగాడి అన్నం ఇంకో వైపు, అదీ ఏటా పెరిగే ధరల్లోనే. సూచీని వీధి గుమ్మంలోంచి పంపేస్తే పెరటి గుమ్మంలోంచి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. రోజుకి రెండుసార్లు కూడాను. నాకే నష్టం. పెద్ద నష్టమేమీ కాదు, కానీ నష్టం నష్టమే.

"గుడ్లు నీవి," అన్నాను.

"గుడ్లు నావా?"

"ఉల్లిపాయలు నావి. గుడ్లు నీవి. లేకపోతే లెక్క కుదరదు."

వాడు ఆలోచించాడు. పెనం వైపు చూశాడు. "నూనె?"

"నూనె నాది."

"అయితే సరే," అన్నాడు. సంతకం పెట్టాం. మర్నాడు ఫోన్లు బాగుచేసేవాళ్ళు మళ్ళీ టేపుతో వస్తే, వాళ్ళకి తలా ఒక బల్బు అమ్మాను. కొన్న ధరకే.

ఏడాదిన్నర తర్వాత కొత్త బరువుల పట్టీ పేపర్లో వచ్చింది. అప్పటికి సర్వే అమ్మాయి ఉద్యోగం పర్మినెంటైంది, మా ఇంటికి వచ్చినప్పుడల్లా పెంకుల సంచీ గురించి అడుగుతుంది. బావమరిది పేపరు పట్టుకుని చొక్కా గుండీలు సగమే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గుడ్ల బరువు పెరిగింది.

"చూశావా బావా? అదంతా నేనే."

పేపరు లాక్కున్నాను. ఫోను, ఇంటర్నెట్టు వాటా రెట్టింపు దాటింది. ఎవరి పనో వేరే చెప్పాలా? మా అమ్మ ఇద్దరి మధ్య నుంచీ చెయ్యి దూర్చి, డాక్టర్లూ కళ్ళజోళ్ళూ ఉన్న గీత కింద గోరుతో గీసింది. క్యాసెట్లు పోయాయి. వాటిని ఎవరూ తమ ఖాతాలో వేసుకోలేదు.

"పన్నెండు వేల ఇళ్ళు," అంది మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి.

ఎవరు వింటారు? బావమరిది అప్పటికే తను తెచ్చిన గుడ్ల అట్ట విప్పి, నా ఉల్లిపాయలు తరగమని నాకు పురమాయిస్తున్నాడు.